నూనె రాసిన ఉగ్గుగిన్నెలు

తవ్వకాల శిబిరం, మూడో డేరా
వానలు మొదలైన వారం

అక్కా,

ఇక్కడ ఫోను ఇంకా పట్టడం లేదు. గుట్టెక్కి చెయ్యి పైకెత్తి నిలబడితే ఒక గీత వస్తుందని మా జీపు డ్రైవరు అన్నాడు. ఎక్కాను. గీత రాలేదు, జలుబు వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. జీపు వారానికోసారి బయటికి వెళ్ళినప్పుడు పోస్టులో పడుతుంది.

మొన్నటి వానకి మా సామాను షెడ్డు కప్పు కారింది. పెట్టెలన్నీ బల్లల మీదికి ఎక్కించాం. వాటిలో ఒకటి నా ప్రాణం. అది మీ ఊరి పరీక్షశాలకి చేరాలి. వాళ్ళేమో మరమ్మతులని చెప్పి తలుపులు మూసుకున్నారు. ఇక్కడ తడిసి పాడయ్యే కన్నా నీ దగ్గర ఉంటే నాకు నిద్ర పడుతుంది. డ్రైవరు తెచ్చిస్తాడు. పరీక్షశాల తెరవగానే వాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళ్తాడు.

పెట్టెలో నాలుగు చిన్న మట్టి గిన్నెలున్నాయి. ఒక్కోటి నీ గుప్పెట్లో ఇమిడిపోతుంది. ఒక పక్క చిన్న ముక్కు. అచ్చం ఉగ్గుగిన్నె. మూడు వేల ఏళ్ళ కిందటివి. మేం 'పిల్లల మూల' అని పిలుచుకునే చోట, పసివాళ్ళ సమాధుల పక్కన దొరికాయి. వాటితో పాలు పట్టేవారని నేనంటాను. మా పెద్దాయన, అదే, ఈ తవ్వకాల అధికారి, దీపాలంటారు. "ముక్కులో వత్తి, గిన్నెలో నూనె. పోయిన పిల్లలకి వెలుగు పెట్టారు, అంతేనమ్మా" అంటారు. వేరే ఖండంలో ఇలాంటి గిన్నెల్లోనే ఈ మధ్య పాల జాడ తేలిందని కాగితాలు చూపించాను. "వాళ్ళ గిన్నెలు వాళ్ళవి, మన గిన్నెలు మనవి" అన్నారు. ఆ మాటా తప్పు కాదనుకో.

పరీక్షలో పాలని తేలితే పిల్లల మూలని వచ్చే ఏడు కూడా తవ్వుతారు, ఆ పని నా చేతికిస్తారు. దీపాలని తేలితే ఇలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయని చెప్పి మట్టి కప్పేస్తారు. దాని మీద రోడ్డు పడుతుంది. ఇంతకాలం మోకాళ్ళ మీద పాకిందంతా ఈ నాలుగు గిన్నెల మీద ఆగి ఉంది.

పెట్టెకి చెమ్మ తగిలితే తెరిచి నీడలో ఆరబెట్టు. బూజు పట్టిందంటే అంతే సంగతులు. బావగారిని అడిగానని చెప్పు.

నీ ఉడత


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

ఉడతా,

పెట్టె క్షేమం. మీ డ్రైవరు దాన్ని పసిబిడ్డని దించినట్టు దించి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. జలుబుకి ఆవిరి పట్టు. వారానికోసారైనా తల ఆరబెట్టుకుంటున్నావా?

నువ్వు చెప్పింది మంచిదైంది. అడుగున అట్ట మెత్తబడింది, దూది నీళ్ళు పీల్చింది. మరి కాస్త ఆలస్యమైతే బూజు పట్టేదే. నాలుగింటినీ తీసి బల్ల మీద పెట్టాను. ఎంత ముద్దుగా ఉన్నాయో! కానీ అంత మురికి నేను పుట్టి ఎరగను. లోపలంతా మన్ను, అడుగున ఏదో మాడి అంటుకున్నట్టు నల్లటి పొర. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, సీసాలు కడిగే మెత్తటి బ్రష్షుతో సబ్బు పెట్టి తోమాను. కంగారు పడకు, ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. తర్వాత మట్టి పాత్ర ఆరేటప్పుడు బీటలు పడకుండా ఏం చేస్తామో అది కూడా చేశాను. లోపల పల్చగా వంటనూనె రాసి, బాల్కనీలో నీడ పట్టున బోర్లించాను. ఇప్పుడు చూస్తే నువ్వే గుర్తుపట్టవు.

మీ బావ ఊరుకుంటారా? "మూడు వేల ఏళ్ళు మట్టిలో బతికాయి, మీ అక్క చేతిలో మూడు రోజులు బతుకుతాయా?" అన్నారు. సబ్బుని కూడా కడిగి గానీ వాడనని నా మీద ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. 

నీ మూలాన మేమిద్దరం పేపర్లో ఇలాంటి వార్తలే వెతుకుతున్నాం. మొన్న ఆయన ఒకటి చదివి వినిపించారు. ఎక్కడో ఎండిపోయిన సరస్సు బురదలో వేల ఏళ్ళ నాటి అడుగులు బయటపడ్డాయట. ఎవరో పిల్లని ఎత్తుకుని నడుస్తూ, మధ్య మధ్య దింపి, మళ్ళీ ఎత్తుకున్నారట. దింపిన చోట పిల్ల పాదాలు విడిగా పడ్డాయట. ఆ నడుము నొప్పి నాకు తెలుసు. నువ్వు కూడా అంతే, దింపితే ఏడుపు, ఎత్తుకుంటే తన్నులు.

గిన్నెలు ఆరాయి. కొత్త దూదిలో చుట్టి, కొత్త పెట్టెలో పెట్టాను. పరీక్షశాల వాళ్ళు చూసి మెచ్చుకోవాలి.

అక్క


శిబిరం
వాన

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను, కూర్చుని ముగించాను.

ఆ మన్నే అక్కా కావలసింది. ఆ నల్లటి పొరే. పరీక్షకి పంపింది గిన్నెల్ని కాదు, గిన్నెల లోపలున్న దాన్ని. మూడు వేల ఏళ్ళ కింద ఆ గిన్నెలో ఏం పోశారో అది ఆ పొరలో ఎండి ఉంటుంది. మట్టి గోడలోకి ఇంకిన కొవ్వు వల్ల పాలో నూనో తెలుస్తుంది. కడగొద్దని నేను రాయలేదు. ఎందుకు రాయలేదని తల కొట్టుకుంటున్నాను. ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేని మాట అది. నీ చేతికి వెళ్తున్నాయని తెలిసీ ఆ ఒక్క ముక్క నాకు తోచలేదు.

ఇంకొకటుంది. మొదటి ఉత్తరంలో మామూలు విషయంలా రాశాను గానీ, మామూలు కాదు. తవ్వకంలో దొరికిన వస్తువు ఎవరింటికీ వెళ్ళకూడదు. షెడ్డు నుంచి పరీక్షశాలకి, పరీక్షశాల నుంచి షెడ్డుకి, అంతే. పెద్దాయన ఆ వారం ఇక్కడ లేరు. ఆయన వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. పెట్టె నేరుగా పరీక్షశాలకే వెళ్ళిందని ఆయన అనుకుంటున్నారు.

అందుకని ఒక పని చెయ్యి. వాళ్ళ మనిషి వస్తాడు. పెట్టె ఇచ్చెయ్యి. ఏమీ మాట్లాడకు. ఏమీ దొరకలేదని వాళ్ళు రాస్తే రాయనీ. దురదృష్టం అనుకుంటాను. నా ఉద్యోగమైనా మిగులుతుంది. ఇలా అడుగుతున్నందుకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

ఉడత


ఇల్లు
మంగళవారం

ఉడతా,

వెంటనే రాయలేకపోయాను. నీ ఉత్తరం చదివాక బాల్కనీలోకి వెళ్ళి ఆ బ్రష్షుని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మీ బావ వచ్చి, ఏమైందని అడిగి, ఉత్తరం చదివి, మొదటిసారి ఏ జోకూ వెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయారు.

చేసింది నేనే. ఎన్ని తిట్లైనా తిట్టు, పడతాను. కడక్కుండా ఆరబెట్టే గిన్నె ఒకటి లోకంలో ఉంటుందని నాకు తోచలేదు. కానీ నువ్వు అడిగిన రెండో పని నా వల్ల కాదు.

పాలవాడు రాని రోజున నేను పాల లెక్క రాసే క్యాలెండరులో ఆ గడి ఖాళీగా వదిలెయ్యను, 'రాలేదు' అని రాస్తాను. ఖాళీ గడి చూసినవాళ్ళకి పాలు రాలేదో, వచ్చినా రాయడం మర్చిపోయానో ఎలా తెలుస్తుంది? ఇదీ అలాంటిదే. ఖాళీ గిన్నె వేరు, కడిగిన గిన్నె వేరు. ఖాళీ అంటే అప్పటి మనుషులు ఏమీ పోయలేదని. కడిగింది అంటే వాళ్ళు పోసింది నేను పారబోశానని. రెండూ ఒకటే అని పుస్తకంలో ఎక్కితే, ఇంకో దేశంలో ఇంకో అమ్మాయి నీలాగే గిన్నెలు పట్టుకుని పెద్దవాళ్ళతో వాదిస్తున్నప్పుడు, "అక్కడ చూశారుగా, ఏమీ లేదు" అంటారు. ఎవరి నోరు మూయించడానికి పనికొస్తుందో ఆలోచించు.

ఇంతకన్నా ఘోరం ఇంకోటి నాకు నిన్న తట్టింది. నువ్వు గమనించావో లేదో. నేను నూనె రాశాను. వాళ్ళకి ఏమీ దొరక్కపోవడం కాదే, నూనె దొరుకుతుంది! నూనె అని రాస్తారు. మీ పెద్దాయన దీపాలు నాలుగూ ధగధగా వెలుగుతాయి, మా వంటింటి నూనెతో. ఆయన గెలిచాననుకుంటారు, పాపం. నీ పిల్లల మూల మీద రోడ్డు పడుతుంది.

వాళ్ళ మనిషి వస్తే పెట్టె ఇవ్వలేదు, నేనే తెస్తానని పంపేశాను. వచ్చే మంగళవారం వెళ్తున్నాను. ఈలోగా పెద్దాయనకి నువ్వే చెప్పు. ఆయన ఈ మాట పరీక్షశాల వాళ్ళ నోట వినకూడదు. నీ నోట వినాలి.

అక్క


శిబిరం

అక్కా,

పెట్టె ఇవ్వకుండా ఆపడానికి నువ్వెవరు?

వినడానికి బాగానే ఉంటాయి నీ మాటలు. పాలవాడు, గడి, పుస్తకం. నువ్వు చెప్పేసి ఇంటికెళ్ళి వంట చేసుకుంటావు. నీది నీతి, నాది బతుకు. మట్టి తీసే కూలీలు కాక ఇక్కడ ఆడవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. ఒకావిడ లెక్కలు చూస్తుంది. గుంటలో దిగేది నేనొక్కదాన్నే. ఒక గుంట నా పేరున రావడానికి ఎన్ని ఎండలు తిన్నానో నీకు తెలియదు. "మేం అప్పుడే చెప్పాం, ఆడపిల్ల ఏం చేస్తుంది, ఇంటికి పంపి గిన్నెలు తోమిస్తుంది" అంటారు. నిజంగానే ఆ మాటే అంటారు, నిజంగానే అదే జరిగింది మరి!

నూనె సంగతి నాకు తట్టలేదు. నిజమే. అది చదివినప్పటి నుంచి అన్నం దిగడం లేదు. అయినా నా తరఫున నువ్వు తేల్చెయ్యడమేమిటి? నువ్వు నా అక్కవి. అమ్మవి కావు.

జీపు హారన్ కొడుతోంది. చింపేద్దామనుకున్నాను. టైం లేదు.

ఉడత


ఇల్లు
మంగళవారం సాయంత్రం

ఉడతా,

వెళ్ళి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గేటు దగ్గర గుమాస్తా "ఏం పని మీద వచ్చారమ్మా?" అన్నాడు. "ఒక తప్పు చేశాను నాయనా, చెప్పడానికి వచ్చాను" అన్నాను. అతను రిజిస్టరు తెరిచి, చాలా మర్యాదగా, "ఏ విభాగంలో?" అన్నాడు. అంత దిగులులోనూ నాకు నవ్వొచ్చింది.

గిన్నెలు చూసే ఆవిడ నీ ఈడుదే. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుకుతోంది. పెట్టె ముందు పెట్టి మొత్తం చెప్పాను. నానబెట్టడం దగ్గర పెన్ను కింద పెట్టింది. సబ్బు దగ్గర కళ్ళు మూసుకుంది.

"ఆ తర్వాత నూనె రాశాను" అన్నాను.

"నూనె కూడానా!"

"పల్చగా అమ్మా."

"పల్చగా అంటే?"

"వేలితో అద్ది."

ఆవిడ ఒక గిన్నె తీసి వెలుగుకి పట్టి చూసింది. తర్వాత అంది కదా: "కడిగిన కుండలు నాకు కొత్త కాదండీ. బాగా చదువుకున్నవాళ్ళే ఫొటోలో బాగా పడాలని కడిగేస్తారు. కడిగానని నా ముందుకొచ్చి చెప్పిన మనిషిని మాత్రం ఇవాళే చూస్తున్నాను."

"చెప్పకపోతే ఏమయ్యేది?" అని అడిగాను.

"నూనె కనపడేది. ఇది కొత్త నూనెలా ఉందే అని నాకు అనుమానం వచ్చేదేమో. రాకపోయేదేమో. పని తలకి మించిన రోజైతే దీపం అని రాసి పక్కన పెట్టేదాన్ని కూడా."

పాల జాడ ఏమైనా మిగిలి ఉంటుందా అంటే, మట్టి గోడ లోపలికి ఇంకింది ఉంటే ఉండొచ్చు, దాని మీద మీ నూనె పడింది, రెండింటినీ విడదీయగలనో లేదో చూస్తానంది. అందుకు నేను వాడిన నూనె కావాలట, సబ్బు కావాలట, బ్రష్షు కావాలట. "మా కుళాయి నీళ్ళు?" అన్నాను హాస్యానికి. "తప్పకుండా" అంది. బస్సెక్కి ఇంటికొచ్చి సగం వంటిల్లు సంచిలో వేసుకుని మళ్ళీ వెళ్ళాను. మీ బావ గుమ్మంలో ఎదురై "పుట్టింటికా?" అన్నారు.

ఏం చేశానో, ఏ వరసలో చేశానో, కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. పెట్టె మా ఇంటికి ఎలా వచ్చిందని అడిగారు. "మా చెల్లెలు పంపింది, షెడ్డు కారుతోందని" అన్నాను. అబద్ధం చెప్పలేదు. నీ తరఫున క్షమాపణా చెప్పలేదు. అది నీది.

ఇక నీ ఆఖరి మాట. నిజమే, అమ్మని కాను. అమ్మ పోయేనాటికి నాకు పన్నెండేళ్ళు, నీకు పదకొండు రోజులు. పన్నెండేళ్ళకి ఎవరూ అమ్మ కాలేరు. నువ్వు గిన్నె ముక్కు పట్టేదానివి కాదు, పక్కింటావిడ వచ్చి ఎలా పట్టాలో నేర్పింది. ఒక్కో రోజు నువ్వు కక్కేస్తే నేనూ కూర్చుని ఏడ్చేదాన్ని. నేను ఎవరినని నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. దానికి నాకు పేరు తెలియదు. పేరు లేకపోయినా చేశాను.

అన్నం తిను.

అక్క


శిబిరం
వాన తెరిపిచ్చింది

అక్కా,

నీ ఉత్తరం చేరేసరికే ఇక్కడ అయిపోయింది. నువ్వు మంగళవారం వెళ్తానన్నావు. నేను సోమవారం చెప్పేశాను. నీ మీద కోపంతోనే వెళ్ళి చెప్పాను, నీకన్నా ముందు చెప్పాలని. చిన్నప్పటి బుద్ధి ఎక్కడికి పోతుంది?

పెద్దాయన గుంట గట్టు మీద కూర్చుని చేతిలో మట్టిపెళ్ళ పగలగొడుతున్నారు. ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఎవరింటికి పంపావు?"

"మా అక్క ఇంటికండీ."

"ఆవిడ ఏం చేస్తారు?"

"ఇల్లు చూసుకుంటుందండీ."

"ఇల్లు చూసుకునే మనిషి ముందు మన్ను పట్టిన గిన్నెలు పెడితే కడగదా? మేకని తీసుకెళ్ళి తోటలో కట్టేసి, ఆకులు తిందని ఏడిస్తే ఎలా తల్లీ?"

నిన్ను మేకన్నారు. క్షమించు.

నూనె మాట చెప్పినప్పుడు మాత్రం చేతిలో పెళ్ళ కింద పెట్టారు. అరచేతులు దులుపుకున్నారు. చివరికి, "నీ మాట ఓడిపోతే ఓడిపోనీ. నా మాట మీ ఇంటి నూనెతో నెగ్గడం మాత్రం నాకొద్దు" అన్నారు. అని లేచి వెళ్ళి నా మీద పైకి రిపోర్టు రాశారు. రాసింది నాకే చదివి వినిపించి, "ఇందులో తప్పేమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. సంతకం పెట్టారు.

ఈ ఏడాది దొరికిన వస్తువు దేన్నీ నేను ముట్టుకోకూడదు. నన్ను జల్లెడ దగ్గరికి మార్చారు. ఎవరో తవ్విన మట్టిని తట్టలతో తెచ్చి పోస్తారు, నేను ఊపుతాను. జల్లెడలో ఏదైనా తేలితే వేరేవాళ్ళు వచ్చి తీస్తారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళ పని. కానీ పిల్లల మూల మూసేయమని ఆయన అనలేదు. "కోపం నీ మీద. గుంట ఏం చేసింది? నెలాఖరు దాకా తవ్వండి" అన్నారు.

చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క తట్ట కూడా వదలడం లేదు. పగలు మిగిలితే ఇంకో తట్ట అడుగుతున్నాను. వాళ్ళు తెచ్చే మట్టి రంగు చూసి గుంట ఎంత లోతుకు పోయిందో చెప్పగలుగుతున్నాను ఇప్పుడు.

ఆ మాట అన్నందుకు... నీకు తెలుసు. రాయలేను.

ఉడత


ఇల్లు

ఉడతా,

మేక రాస్తోంది. ఆ మాట మీ బావకి చదివి వినిపించడం నా తప్పు. రెండు రోజులుగా నేను వంటింట్లోకి వెళ్తుంటే "తోటలోకా?" అంటున్నారు.

పరీక్షశాల కాగితం వచ్చింది. నీకూ ఒకటి వస్తుంది. అయినా ముందు నా దగ్గర్నుంచి విను. మూడు గిన్నెల్లో నా నూనె తప్ప ఇంకేమీ పట్టుకోలేకపోయారు. నాలుగో దాంట్లో ఏదో ఉంది, కానీ అది ఉందని గట్టిగా చెప్పడానికి చాలనంత తక్కువట. నాలుగింటికీ ఎదురుగా ఒకే వాక్యం రాశారు: 'తవ్విన తర్వాత కడిగి నూనె రాసినందున ఏమీ చెప్పలేము.'

ఆవిడని అడిగాను, ఆ నాలుగోది పాలేనా అని, నాకొక్కదానికి చెప్పమ్మా అని. "మీరే కదండీ గడి సరిగ్గా నింపాలన్నారు" అంది. సంచి తీసుకుని వచ్చేశాను. నా మాట నాకే తగిలింది, బాగానే తగిలింది.

నాలుగు గిన్నెలు పోయాయి. వాటిని నేనే పోగొట్టాను. ఇంకెవరూ దాని మీద తప్పుడు మాట రాయలేరు, అంతవరకే నా చేతనైంది. ఇక మిగిలింది నీ గుంట. నెలాఖరు ఇంకా రాలేదు. బొబ్బలకి గుడ్డ చుట్టుకో. చితక్కుండా పని చెయ్యడం ఎలాగో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆపద్దు.

అక్క


శిబిరం
నెలాఖరు వారం

అక్కా!

దొరికింది. ఐదోది.

జల్లెడలో కాదు. గుంటలోనే, ఆగ్నేయం మూల, ఇంకో చిన్న సమాధి పక్కన. నేను జల్లెడ దగ్గరున్నాను. మట్టి తీసే ఆవిడ అరిచింది, "ఇదిగో, ముక్కుది!" అని. అందరం పరిగెత్తాం. ఆవిడ మెడలో తువ్వాలు తీసి, పాపం, చూపించే ముందు శుభ్రంగా ఉండాలని దాన్ని తుడవబోయింది. "తుడవొద్దు!" అని రెండు గొంతులు ఒకేసారి లేచాయి. ఒకటి నాది. రెండోది పెద్దాయనది. ఆవిడ హడలిపోయి తువ్వాలు గుంటలో పడేసింది.

నేను గట్టు మీదే ఆగిపోయాను. ముట్టుకోకూడదు కదా. పెద్దాయన మోకాళ్ళ మీద దిగి, గిన్నెని చుట్టూ ఉన్న మట్టితో సహా గడ్డలా ఎత్తారు. అలాగే డబ్బాలో పెట్టారు. మూత మీద కాగితం అతికించి, నా వైపు చూసి, "ఏం రాయమంటావు?" అన్నారు. "కడగలేదు అని రాయండి" అన్నాను. పెద్ద అక్షరాలతో రాశారు.

డబ్బా షెడ్డులో పెట్టలేదు, డ్రైవరుకీ ఇవ్వలేదు. ఆయనే ఒళ్ళో పెట్టుకుని జీపెక్కారు. "దీపమే అవుతుంది చూడు" అన్నారు వెళ్తూ. నెలాఖరున గుంట మూయాల్సింది, ఫలితం వచ్చేదాకా టార్పాలిన్ కప్పి ఉంచమన్నారు. రోడ్డు వాళ్ళు రెండుసార్లు వచ్చి అడిగారు. రెండుసార్లూ ఆయనే వెనక్కి పంపారు.

పాలు అవకపోవచ్చక్కా. నూనే అవొచ్చు. అయితే ఆ మాట నేనే ముందు రాస్తాను.

ఉడత


శిబిరం
చలి మొదలైంది

అక్కా,

పాలు.

మేక పాలో గొర్రె పాలో ఇంకా తేల్చాలి. కానీ పాలు. నూనె జాడ లేదు, వత్తి కాలిన మసి లేదు. పెద్దాయన కాగితం అందరి ముందు నిలబడి చదివారు. చదివి, "నేను దీపాలన్నాను. కాదు" అన్నారు. రెండే ముక్కలు. తర్వాత టీ తాగారు.

పిల్లల మూల ఉంటుంది. రోడ్డు పక్కకి జరుగుతుంది. వచ్చే ఏడు ఆ పని నాకు ఇవ్వరు, నా మీద రిపోర్టు అలాగే ఉంది. ఆయన చూస్తారు, నేను ఆయన కింద గుంటలో దిగుతాను. ఆ పైయేడు అడుగుతాను. ఇవ్వకపోతే మళ్ళీ అడుగుతాను. జల్లెడ పట్టిన చేతులు, అడగడానికి మొహమాటపడవు.

తవ్వకాల రిపోర్టులో నీ నాలుగు గిన్నెలు కూడా ఎక్కాయి. లెక్కలోకి తీసుకోలేదని, ఎందుకు తీసుకోలేదో, నువ్వు చెప్పినట్టే వివరంగా రాశారు. కడిగిన మనిషి వృత్తి అడిగిన చోట 'గృహిణి' అని రాశాను. పెద్దాయన చూసి కింద సంతకం పెట్టారు.

ఇంకొకటి. సమాధిలో బిడ్డ పళ్ళు చూసి వయసు చెప్పారు. ఏడాదిన్నర. గిన్నె ముక్కు అంచున గీతలున్నాయి, పాల పళ్ళతో కొరికిన గుర్తులని అంటున్నారు. అంటే ఈ గిన్నె సమాధి కోసం చేసింది కాదు, ఆ బిడ్డ నోట్లో పెట్టిందే. తల్లికి పాలు లేవో, తల్లే లేదో, మాకు తెలియదు. ఎవరు పట్టారో తెలియదు. ఎవరో పట్టారు. అది మాత్రం తెలుసు.

ఉడత


ఇల్లు
ఉదయం, పొయ్యి మీద పాలు పెట్టి

ఉడతా,

మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి ఆయనే తీసుకుని చదువుకున్నారు.

ఆ పైయేడు కూడా ఆయన కిందే దిగాల్సి వస్తే దిగు. జల్లెడ పట్టిన చేతులు మొహమాటపడవన్నావుగా, మళ్ళీ అడుగు.

కొరికిన గుర్తుల గురించి ఒక్క మాట. ఆకలి మీదున్న బిడ్డ ముక్కు కొరకదు, పీలుస్తుంది. కడుపు నిండాక, నిద్ర రాక, గిన్నె వదలక, నీ మొహంలోకి చూస్తూ కొరుకుతుంది. లాక్కోబోతే నవ్వుతుంది. కాబట్టి ఆ బిడ్డకి కడుపు నిండేది.

ఇది మీ రిపోర్టులో రాయకు. నా దగ్గర రుజువు లేదు.

అక్క